లాంచీ కండక్టరు బొంత

నవంబరు 4

అక్షరాలు కోడి కెలికినట్టు పడుతున్నాయి. ఇది చదివేదాన్ని నేనే కనక ఫరవాలేదు. జరిగింది జరిగినట్టు రాసుకుంటే గుండె దడ తగ్గుతుందేమో చూడాలి.

మొన్న శనివారం లాంచీ కండక్టరు వచ్చాడు. ఊరంతా అతన్ని రైట్‌రైట్ అంటారు. లాంచీ కదిలేటప్పుడు ఇటు ఒడ్డుకీ అటు ఒడ్డుకీ వినబడేలా "రైట్ రైట్" అని అరిచేవాడు మరి. కిందటేడు వానాకాలం చివర భార్య పోయింది. అప్పట్నుంచి అరుపు మానేసి ఈల ఊదుతున్నాడు. శనివారం అతని చేతిలో నాలుగు ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. అన్నిటికీ మూతి పొడుగునా టేపు. లోపల ఆవిడ బట్టలు.

"అక్కా, వీటితో ఒక బొంత కుట్టిపెట్టండి. కప్పుకుని పడుకుంటాను" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు కానీ గొంతు పట్టుకుపోయింది. తల ఊపి వెళ్ళిపోయాడు.

పోయినవాళ్ళ బట్టలతో బొంతలు కుట్టడం ముప్పై నాలుగేళ్ళుగా నా పని. ఏ గుడ్డ వచ్చినా నేను ముందు చేసేది ఉతకడమే. ఉతక్కుండా కుట్టామా, రేపు ఒక ముక్క ముడుచుకుపోతుంది, ఇంకో ముక్క రంగు దిగి పక్కదాన్ని పాడుచేస్తుంది. అమ్మ నా చేతికి సూది కంటే ముందు బకెట్టు ఇచ్చింది. ఆదివారం పొద్దున్నే టేపులు కోసేసి, తొమ్మిది బట్టలూ వేణ్ణీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి, మూడుసార్లు జాడించాను. నైటీ మెడ దగ్గర మురికి వదల్లేదని బ్రష్షు కూడా వేశాను. బ్రష్షు!

ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చాడు. ముందుగది మా ఆయన గొడుగులు బాగుచేసే షాపు. ఆ విరిగిన గొడుగుల మధ్య నిలబడి అడిగాడు:

"కవర్లు ఇంకా విప్పలేదు కదక్కా?"

"ఏం?"

"విప్పే రోజు నన్ను పిలవండి. మొన్న చెబుదామనుకున్నా, మాట రాలేదు. ఆమె వాసన పోకుండా పద్నాలుగు నెలలు దాచుకున్నాను. ఆదివారం ఆదివారం ఒక్క మూల తెరిచి, ఒక్కసారి పీల్చుకుని, మళ్ళీ టేపు వేసేవాణ్ణి. ఎంత ప్రాణం లాగుతున్నా రెండోసారి తెరవలేదు. రానురాను తగ్గిపోతోందక్కా. బొంతయితే రాత్రంతా ముఖం మీదే ఉంటుంది కదా, ఉన్నదంతా ఒకేసారి తీసేసుకుందామని."

నాకూ వంటింటికీ మధ్య ఒక్క కర్టెను. దాని వెనక తీగ మీద తొమ్మిది బట్టలూ ఆరుతున్నాయి. ఈ మంచుకి మూడు రోజులైనా తడి ఆరదు. కర్టెను కింద నుంచి నీలం గౌను అంచు జానెడు కనబడుతోంది. అతను చూడలేదు. నేను జరిగి దానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంకా విప్పలేదు" అన్నాను.

ఆ మాట నేను అనలేదు, నా నోరు అంది. అది అనేసేదాకా అదేం అంటుందో నాకు తెలీదు.

నవంబరు 5

అతను చెప్పాలి కదా! ఉతకొద్దు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నాకేమన్నా కలలోకి వస్తుందా?

నవంబరు 6

చెప్పబోయాడు. గొంతు పట్టుకుపోయింది. నేను చూశాను కూడా.

నవంబరు 8

తొమ్మిది బట్టల్లోనూ తల దూర్చి చూశాను. చంకల దగ్గర, మడతల్లో, కుట్ల లోపలా. అంతా నా సబ్బు వాసనే. ఇన్నేళ్ళుగా ఆ సబ్బు పట్టుకుని ఎంత గర్వపడ్డానో, మరక అంటే మరక, మురికి అంటే మురికి, దేన్నీ మిగల్చదని.

ఈయన చూసి "ఏమిటే, బట్టల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నావు?" అన్నారు. జలుబు అన్నాను. ఆవిరి పట్టమన్నారు. పట్టాను. లేని జలుబుకి.

నవంబరు 10

కండక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి సిద్ధంగానే ఉన్నాను. "చూడు తమ్ముడూ, కవరు విప్పాక గాలి తగలకూడదు. విప్పిన ముక్క విప్పినట్టు కుట్టేసుకుంటూ పోవాలి. నువ్వొచ్చి కూర్చుంటే ఆలస్యం, వాసన కాస్తా గాలికి పోతుంది" అన్నాను. ఎంత ఠీవిగా చెప్పానో. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు.

అతను తల దించుకున్నాడు. తర్వాత, "అయితే వద్దులెండి. నేను చూడకపోయినా ఫరవాలేదు. మీ చేతిలో పెడితే దేవుడి దగ్గర పెట్టినట్టే" అన్నాడు.

నన్ను చెప్పుచ్చుకు కొట్టినా ఇంతకంటే బావుండేది.

నవంబరు 14

రేపు బయల్దేరుతున్నాను. దక్షిణాన నాలుగు ఊళ్ళు. ప్రతి ఏడూ వెళ్ళేదే. పదకొండు బొంతలు ట్రంకులో వేసుకుని, ఊరూరా గోడలకి వేలాడదీసి, వచ్చిన ఆడవాళ్ళకి కుట్టు నేర్పి రావడం. నేనేమీ పారిపోవడం లేదు.

ప్రతి ఏడూ వెళ్ళేది జనవరిలో. ఈసారి నవంబరులో వెళ్తున్నాను. అయితే ఏమైంది?

కండక్టరు బట్టల ముక్కలు చేతిసంచిలో పెట్టుకున్నాను. దారిలో కుట్టేస్తే ఆ పని తెమిలిపోతుంది. లాంచీ ఎక్కితే అతన్నే టికెట్టు అడగాలి కనక చుట్టు తిరిగి బస్సులో వెళ్తున్నాను. మూడు గంటలు ఎక్కువ.

నవంబరు 17

రైల్లో కిటికీ పక్క సీటు. నీలం గౌను, ఆకుపచ్చ చొక్కా, చారల నైటీ. ముక్కకి ముక్క బాగా కలుస్తున్నాయి. పోయినావిడకి రంగులు తెలుసు. ఎదుటి సీటావిడ "ఎవరికమ్మా?" అంది. "మా తమ్ముడికి" అన్నాను.

నవంబరు 19

మొదటి ఊరు. లైబ్రరీ మేడ మీద గది. పద్నాలుగు మంది వచ్చారు. మామూలుగా మొదలుపెట్టాను, "ముందు బకెట్టు, తర్వాత సూది" అని. ఇరవై ఏళ్ళుగా ఈ మాటకి నవ్వుతారు. ఇవాళా నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న నర్సు చెయ్యెత్తింది.

"ఉతక్కుండా కుట్టకూడదా అండీ? మా నాన్న స్వెట్టరు ఉంది. దానికి ఇంకా ఆయన చుట్టల వాసన ఉంది."

పద్నాలుగు జతల కళ్ళు నా వంకే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ పిల్లకి సంగతి ఎలా తెలిసిందా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

"కుట్టచ్చు. ముడుచుకుంటే ముడుచుకుంటుంది, రంగు దిగితే దిగుతుంది. కొంపలేం మునగవు. అడిగి కుట్టాలి. ముందు అడగాలి" అన్నాను. పెద్దగానే అన్నట్టున్నాను. కాపలా అతను తలుపు తీసి చూశాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వందల మంది బట్టలు ఉతికాను? ఒక్కళ్ళనైనా అడిగానా? వాళ్ళెవరూ ఏమీ అనలేదు. నేను అడగకపోబట్టే అనలేదా?

నవంబరు 20

నిన్న రాసిన ఆఖరి లైన్లు చదవకూడదు.

నవంబరు 23

రెండో ఊరు పెద్దది. ఇక్కడ సబ్బుల దుకాణాలు ఒక వీధి పొడుగునా ఉన్నాయి. బయల్దేరే ముందు మా కిరాణా కొట్టావిడని మాటల్లో పెట్టి, కండక్టరు ఇంటికి ఏ సబ్బు వెళ్ళేదో కనుక్కున్నాను. పసుపురంగుది, నిమ్మ బొమ్మ ఉంటుందిట. మా ఊళ్ళో ఇప్పుడు రావట్లేదు. ఇక్కడ దొరికింది. రెండు కొన్నాను.

గదికి వచ్చి తలుపు గడియపెట్టి, బొంత మూల ఒకటి తడిచేసి సబ్బు రుద్దాను. వాసన వచ్చింది. సబ్బు వాసన. అందులో మనిషి లేదు. కాస్త తలనూనె రాశాను. వంటింటి పొగ ఉండాలేమో అని కొవ్వొత్తి వెలిగించి పైన పట్టాను. అప్పుడు ఎదురుగా అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. యాభై ఏడేళ్ళ ముసలిదాన్ని, పోయిన మనిషిని కొవ్వొత్తి పొగలో తయారుచేస్తున్నాను. ఆ మూల ముక్క కోసి పారేసి, వేరే ముక్క అతికాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నేను తొక్కింది సబ్బునీళ్ళలో, ఏం పెట్టి కడుక్కోను?

నవంబరు 27

మూడో ఊరు. లాడ్జి రగ్గు తడిసి ముద్దగా ఉంది. ఇంకోటి లేదన్నాడు. నా పదకొండు బొంతలూ హాల్లో గోడలకెక్కి ఉన్నాయి, తాళం వాళ్ళ దగ్గర. పదకొండు బొంతలు కుట్టినదానికి కప్పుకోను ఒకటి లేదు. కండక్టరు బొంతకి దూది పరిచి టాకాలు వేసి ఉంచాను కదా, అది కప్పుకున్నాను. ఇంకొకళ్ళకి ఇవ్వాల్సిన బొంత కుట్టేవాళ్ళు కప్పుకోకూడదు, అది మా పని నియమం. ఒక్క రాత్రేగా.

నవంబరు 28

జ్వరం. నిన్నా కప్పుకున్నాను.

డిసెంబరు 2

జ్వరం తగ్గింది. ఆరు రాత్రులయింది. పగలు ఒళ్ళో పెట్టుకుని కుట్టడం, రాత్రి అదే కప్పుకోవడం. అది లేకపోతే చలికి బిగుసుకుపోయేదాన్ని. అతనికి చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేనివి చాలా పోగయ్యాయి.

డిసెంబరు 9

ఇల్లు చేరాను. ఈయన బస్టాండుకి గొడుగు తెచ్చారు. పుల్ల ఊడిన గొడుగు. ఊరందరివీ బాగుచేస్తారు, సొంతది తప్ప.

జనవరి 12

ఇవాళ ఇచ్చేశాను.

వెళ్ళేముందు ఏం చెప్పాలో పదిసార్లు అనుకున్నాను. 'తమ్ముడూ, గుడ్డ పాతబడితే వాసన నిలవదు.' 'తమ్ముడూ, దూదిలోకి ఇంకిపోయి ఉంటుంది.' అన్నీ సిద్ధం చేసుకున్నాను. అతనికి ఉన్నవి ఒక గది, ఒక వంటిల్లు. మంచం పక్కన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. బొంత విప్పి ముఖానికి పెట్టుకున్నాడు.

చాలాసేపు పెట్టుకున్నాడు. నేను తలుపు వంక చూస్తున్నాను, తిడితే ఎటు పోవాలా అని. అప్పుడతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"ఆమేనక్కా" అన్నాడు. "ఆమే. అసలు ఇంత బాగా కవర్లో కూడా లేదు. ఇల్లు... ఇల్లంతా వచ్చేసింది."

నా కాళ్ళు వంగి పట్టుకున్నాడు. ఎలా ఇంటికొచ్చానో తెలీదు. అన్నం పెట్టుకుని తినకుండా లేచిపోయాను.

జనవరి 13

వేణ్ణీళ్ళు. సబ్బు. మూడు జాడింపులు. బ్రష్షు. మరి ఎక్కడుంది?

జనవరి 15

ఉతికినా పోని వాసన కూడా ఉంటుందేమో. ఉండాలి. ఒక మనిషి ఇన్నేళ్ళు తొడుక్కున్న గుడ్డ, ఒక్క బకెట్టు నీళ్ళకి అంతా వదిలేస్తుందా? నేనే అనవసరంగా గుండెలు బాదుకున్నాను. అతనికి తెలీదా భార్య వాసన! నాకంటే అతనికి తెలుస్తుంది. అయిపోయింది, ఇంక దీని గురించి రాయను.

ఫిబ్రవరి 3

ఇవాళ రేవు పక్కనుంచి వస్తుంటే "రైట్ రైట్" అని కేక. అతని భార్య పోయాక మళ్ళీ ఇదే వినడం. చేపల బుట్టలావిడ "వీడి నోరు మళ్ళీ లేచిందమ్మోయ్" అంటే, "నీ బుట్టకి సగం టికెట్టు, నీకు రెండు" అన్నాడు. లాంచీ అంతా నవ్వింది. నన్ను చూసి చెయ్యూపాడు. నేనూ ఊపాను. చెప్పకపోవడమే మంచిదయింది.

మార్చి 6

కండక్టరు వచ్చాడు. బొంత తెచ్చాడు. ఒకవైపు అంచు ఊడింది. "రోజూ ముఖం మీదకి లాక్కుంటాను కదా" అని సిగ్గుపడుతూ నవ్వాడు. ఒళ్ళు చేశాడు, కళ్ళ కింద నలుపు పోయింది. చూసి సంతోషపడ్డాను.

అప్పుడు జేబులోంచి ఇంకో కవరు తీశాడు. చిన్నది, టేపు వేసి ఉంది. లోపల తలకి కట్టుకునే స్కార్ఫు.

"ఇది మీకు ఇవ్వలేదక్కా అప్పుడు. ఒక్కటైనా నా దగ్గర ఉంచుకుందామని దాచాను. మొన్న తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇది ఆమెలా లేదు."

"ఆమెలా లేకపోవడమేమిటి?"

"ఏదో పాడు వాసన. బొంతలో ఉన్నది ఆమె. ఇది కాదు. పారేయబుద్ధి కావట్లేదు. శుభ్రంగా ఉతికేసి, బొంత మధ్యలో అతికెయ్యండి. అప్పుడు ఇదీ దాని వాసనే పట్టుకుంటుంది. రేపో ఎల్లుండో ఇచ్చెయ్యండక్కా, ఆ బొంత లేకపోతే నాకు నిద్ర పట్టదు."

కవరు తీసుకున్నాను. చేతికి ఏదో కాలినట్టయింది. ఉతకమంటున్నాడు! అతని నోటితో అతనే!

మార్చి 7

రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం దారం కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి, ఈయన ముందుగది బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. మెడదాకా కండక్టరు బొంత.

"లేవండి! అది ఊళ్ళోవాళ్ళది! ఎవరు కప్పుకోమన్నారు మిమ్మల్ని?"

ఒక కన్ను తెరిచారు. "ఊళ్ళోవాళ్ళదేమిటి? నీదేగా."

"నాదని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేమిటే, ముక్కు లేదా నాకు? దారానికి రాసే మైనం, నీ తలనూనె, నీ చెమట. ముప్పై ఒక్కేళ్ళుగా పక్కన పడుకుంటున్నాను. నీది కాకపోతే నాకు పగటిపూట ఇంత నిద్దర పడుతుందా?" అని అటు తిరిగి పడుకున్నారు.

చేతిలో దారపు ఉండ కింద పడి గొడుగుల మధ్యకి దొర్లిపోయింది. తీయడానికి వంగలేకపోయాను.

ఆరు రాత్రులతో ఆగలేదు, పన్నెండు. ఇక్కడైనా నిజం రాయాలి. లాడ్జిలో పన్నెండు రాత్రులు కప్పుకున్నాను, జ్వరంలో చెమటలు పోసి తడిపాను, తర్వాత నెల రోజులు ఒళ్ళో పెట్టుకుని కుట్టాను. ఇచ్చేముందు ఉతికితే కొత్తగా ఉండదని ఉతకలేదు. ఉతకాల్సినప్పుడు ఉతకలేదు!

అంటే, ఆ పిల్లాడు రెండు నెలలుగా ముఖం మీదకి లాక్కుని పడుకుంటున్నది నన్ను.

ఛీ ఛీ ఛీ.

మార్చి 8

అంచు కుట్టి ఇచ్చేస్తే సరి. స్కార్ఫు దొరకలేదంటే సరి. ఇంకో వారం ఒళ్ళో పెట్టుకుంటే ఇంకో ఏడాది హాయిగా నిద్రపోతాడు. ఎవరికి నష్టం?

ఈ నాలుగు లైన్లూ నేనే రాశాను. నా బుద్ధి ఇంత గడ్డి తిందా?

మార్చి 9

చెప్పాను.

మధ్యాహ్నం రెండు గంటల లాంచీ ఎక్కాను, అప్పుడు జనం తక్కువ. స్కార్ఫు కవరు చేతిసంచిలో ఉంది. అటు ఒడ్డుకి పాతిక నిమిషాలు. సగం దూరం పోయాక ఇంజను గది వెనక, గాలి తగలని చోట అతన్ని పట్టుకున్నాను.

"తమ్ముడూ, నువ్వు ఇచ్చిన మర్నాడే ఆ బట్టలన్నీ ఉతికేశాను."

నవ్వాడు. "ఎలా అక్కా? వాసన ఉంటేనూ!"

"నువ్వు వచ్చి అడిగేటప్పటికే ఉతికి తీగ మీద వేశాను. విప్పలేదని నీకు అబద్ధం చెప్పాను. తర్వాత చెప్పినవన్నీ కూడా."

"మరి వాసన..."

"అది నాది."

అర్థం కాలేదు అతనికి. అంతా చెప్పాల్సి వచ్చింది, లాడ్జి రగ్గు, జ్వరం, ఒళ్ళో పెట్టుకుని కుట్టడం, మా ఆయన నిద్ర. చెబుతున్నకొద్దీ అతని ముఖం చెవులదాకా ఎర్రబడింది. చివరికి నా దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. పడవ ఊగిందేమో అనుకుందామనుకున్నాను. ఊగలేదు.

ఇంతలో ఎవరో టికెట్టు అన్నారు. వెళ్ళాడు. చింపి ఇచ్చాడు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. తిరిగి వచ్చి నాకు కాస్త దూరంలో కమ్మీ పట్టుకుని నీళ్ళు చూస్తూ నిలబడ్డాడు.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్ళాను.

"అంటే, ఆమెది నాకు గుర్తు లేదన్నమాట" అన్నాడు.

ఇన్ని నెలలు నా తప్పు చుట్టూ నేను తిరిగాను కానీ, ఈ మాట నా బుర్రకి తట్టనే లేదు.

"పంతొమ్మిదేళ్ళు కాపురం చేశాను. ఆమె కాదని తెలుసుకోలేకపోయాను. అసలుది పక్కనే పెట్టి చూసి, అది పాడు వాసన అన్నాను. ఉతకమని మీ చేతికిచ్చాను."

"ఉతకలేదు తమ్ముడూ. కవరు కూడా విప్పలేదు. ఇదిగో."

లాక్కున్నాడు. చొక్కా లోపల పెట్టుకుని గుండీలు పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణం అంతా నా వైపు రాలేదు. రేవులో ఈల ఊదాడు. అరవలేదు.

మార్చి 10

ఏమీ తోచడం లేదు. ఈయనకి అంతా చెప్పాను. ఆయన గొడుగు పుల్ల వంచుతూ వంచుతూ ఆగిపోయి, "అయ్యో, పాపం వాడు" అన్నారు. నన్నేమీ అనలేదు.

మార్చి 12

పొద్దున్నే వచ్చాడు. గడ్డం పెరిగింది. నిద్రపోలేదని ముఖమే చెబుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బొంత ఉతకండి. నేను దగ్గరుంటాను" అన్నాడు.

పెరట్లో పెద్ద తొట్టి పెట్టాను. వేణ్ణీళ్ళు పోశాను. సబ్బు వేసి తొక్కాను. అతను తొట్టి అంచున గొంతుక్కూర్చున్నాడు. మొదటి జాడింపు అయ్యాక ఒక మూల ముక్కు దగ్గర పెట్టుకుని "ఇంకా ఉంది" అన్నాడు. రెండోసారీ "ఉంది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, నేనే ఎదురుగా నిలబడి, నన్నే ఇంకా ఉన్నానంటుంటే. మూడోసారి చాలాసేపు చూసి "పోయింది" అన్నాడు.

తడిసిన బొంత దూడంత బరువు. పిండాలంటే ముగ్గురు కావాలి. ఒక కొస ఈయన, ఒక కొస అతను, మధ్యలో నేను. మెలితిప్పుతుంటే ఈయన కాలు జారి బురదలో కూలబడ్డారు. ఎవరం నవ్వలేదు. తర్వాత ఈయనే నవ్వారు. "బావగారూ, లేవండి" అని కండక్టరు చెయ్యి అందించాడు. ఇవాళ ఉతుకు గురించి కాక అతను మాట్లాడిన మాటలు అవే.

మార్చి 17

బొంత ఆరడానికి అయిదు రోజులు పట్టింది. ఇవాళ తీసుకెళ్ళడానికి వచ్చాడు. మడత పెట్టి ఇస్తూ, "ఇప్పుడు దీనికి ఏ వాసనా లేదు. ఎండ వాసన కూడా లేదు, మన ఊళ్ళో ఎండ ఏదీ?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. కొంచెం నవ్వాడు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఆ స్కార్ఫు కవరు తీశానక్కా. మందుల వాసన. దాని కింద చెమట. ఆఖరి మూడు నెలలూ తలకి అదే కట్టుకుని ఉండేది. ఒళ్ళు తుడిచింది నేనే, మందులు పట్టింది నేనే. ఆ వాసన నాకు తెలీక కాదు. అది వద్దనుకున్నాను. జబ్బు పడని మనిషి కావాలనుకున్నాను. మీ బొంతలో జబ్బు లేదు. వండుకుని, తిని, నవ్వుకునే ఇల్లు ఉంది. అందుకని ఆమేననుకున్నాను."

చీర కొంగు అనుకుని చేతిలో ఉన్న గొడుగు గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాను. నల్లటి మసి ముఖమంతా అయిందని తర్వాత ఈయన చెప్పారు.

"అదీ ఆమేనక్కా. నాలుగు రోజుల్నుంచి దిండు మీద పరుచుకుని పడుకుంటున్నాను."

దిండు మీద! గాలికి!

"అయ్యో, అలా వదిలెయ్యకు తమ్ముడూ! కవర్లో పెట్టి టేపు వెయ్యి, నీకు పుణ్యముంటుంది. అలా ఉంచితే నాలుగు వారాల్లో పోతుంది. నా మాట విను, వాసన సంగతి నాకు తెలుసు, ఒక్కసారి పోయిందంటే మళ్ళీ రాదు!" అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ బతిమాలాను.

మెల్లిగా చెయ్యి విడిపించుకున్నాడు. బొంత భుజాన వేసుకున్నాడు.

"టేపు వెయ్యనక్కా. పోతే పోనివ్వండి" అన్నాడు. "ఇదైనా నేను ఉండగా పోతుంది."